బండే ఇల్లయితే నెల్లూరు, ప్రకాశంలో రాత్రికి ఎక్కడ నిలపాలి?

బండిలోనే కాపురం అనగానే అందరికీ సముద్రమే గుర్తొస్తుంది. అలల ముందు బండి, బండి ముందు రెండు కుర్చీలు, చేతిలో టీ గ్లాసు. నెల్లూరు, ప్రకాశం తీరం పొడవునా అలాంటి ఫొటోకి పనికొచ్చే చోట్లు బోలెడున్నాయి. ఫొటో దిగడం వేరు, అక్కడే బియ్యం కడిగి, బట్టలుతికి, రాత్రికి పడుకోవడం వేరు. మా ఆయన ఆర్టీసీ గ్యారేజీలో రిటైరయ్యాక నెల్లూరులో ఇల్లు అద్దెకిచ్చి ఈ బండెక్కాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో సముద్రం చూడటానికి బాగుంటుంది, ఉండటానికి మాత్రం పడమటి కొండల వైపే పోవాలి.

ముందు బండి సంగతి. ఎత్తు బాడీ టెంపో ట్రావెలర్. సీట్లు తీసి మంచం, వంటగట్టు, మనిషి నిలబడి స్నానం చేసేంత బాత్రూం పెట్టించాం. ఆర్‌సీలో సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్ అని మార్పించుకున్నాకే రోడ్డెక్కించాం. ఊరికే సీట్లు పీకి పరుపులేసి తిప్పితే రేపు ఇన్సూరెన్సు క్లెయిముకి వెళ్లినప్పుడు తెలుస్తుంది. పైకప్పు మీద 800 వాట్ల సోలార్, మంచం కింద 5 యూనిట్లు నిల్వ చేసే లిథియం బ్యాటరీ, 120 లీటర్ల నీళ్ల ట్యాంకు ఉన్నాయి. మంచి ఎండ కాస్తే సోలార్ రోజుకి మూడు, మూడున్నర యూనిట్లు ఇస్తుంది. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు కలిపి ఒకటిన్నర తీసుకుంటాయి. టన్ను ఏసీ గంటకి ముప్పావు యూనిట్ లాగేస్తుంది. అంటే రోహిణీ కార్తెలో రాత్రంతా ఏసీ వేసుకుంటే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. అందుకే కొత్త ఊళ్లో దిగగానే నేను కుళాయి ఎక్కడుందో చూస్తాను, మా ఆయన పదిహేను ఆంపియర్ల ప్లగ్గు వెతుకుతారు. క్యారవాన్ పార్కు అనేది ఈ రెండు జిల్లాల్లో మాకెక్కడా తగల్లేదు కాబట్టి అన్నీ అడిగి తెచ్చుకోవాల్సినవే.

మైపాడు నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ అదే అడుగుతారు. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. ఇందుకూరుపేట దాటాక రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల గుంటలు, తర్వాత బకింగ్‌హామ్ కాలువ, ఆపైన సముద్రం. పగలు బ్రహ్మాండం. పొద్దు వాలాక అసలు సంగతి బయటపడుతుంది. రొయ్యలకి ఆక్సిజన్ అందాలని గుంటల్లో ఏరియేటర్లు తిప్పుతారు. ఆ చక్రాలు నీళ్లని కొడుతూ రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. గుంటలకి దగ్గర్లో బండి పెట్టామా, తెల్లవార్లూ ఒకటే హోరు. కరెంటు పోతే నిశ్శబ్దం వస్తుందనుకోకండి, డీజిల్ జనరేటర్ మొదలవుతుంది. ఒడ్డుకే వెళ్లి పెడితే ఉప్పు గాలి. తెల్లారేసరికి అద్దాల మీద జిగురు పొర, సోలార్ మీద తెల్లటి మరక. మంచినీళ్లతో తుడవకపోతే కరెంటు తగ్గిపోతుంది. కింద ఛాసిస్ బోల్టుల సంగతి మా ఆయన్ని అడగండి, గంట చెబుతారు. తీరంలో ఉండి వచ్చిన ప్రతిసారీ అడుగు భాగమంతా వాటర్ సర్వీసింగ్ చేయించి, తుప్పు పట్టకుండా నూనె కొట్టిస్తారు.

ఆదివారం సాయంత్రం మైపాడులో జనం, బైకులు, తాగుళ్లు. బీటుకి వచ్చిన కానిస్టేబుల్ మర్యాదగానే చెప్పాడు: "అమ్మా, ఈడ రాత్రికి వద్దు. తాగినోళ్లు వచ్చి తలుపు కొడతారు. ఊళ్లో గుడి కాడ పెట్టుకోండి." గుడి దగ్గర పెట్టాం. అక్కడ ఆడవాళ్లు వచ్చి లోపల వంటగట్టు చూసి, గ్యాసు ఎట్లా తెచ్చుకుంటారని అడిగి, పొద్దున్నే పడవ దిగిన చేపలు అమ్మి వెళ్లారు. నా మాట వినేట్టయితే వారం మధ్యలో పొద్దున వెళ్లి, చేపలు కొనుక్కుని, మధ్యాహ్నానికి తిరిగొచ్చేయండి.

ఒంగోలు దగ్గర కొత్తపట్నం, సింగరాయకొండ దగ్గర పాకల కూడా ఇంతే. పాకలలో జనం తక్కువ, అదొక్కటే నయం. కాకపోతే మెత్తటి ఇసుకలోకి ఇంత బరువు బండి దించితే ట్రాక్టరు తెప్పించి లాగించుకోవాల్సిందే. తారు రోడ్డు ఎక్కడ అయిపోతే అక్కడే ఆగండి.

హైవే గురించి. 16వ నంబరు జాతీయ రహదారి మీద వెంకటాచలం, ముసునూరు, టంగుటూరు టోల్ ప్లాజాల దగ్గర మరుగుదొడ్లు ఉంటాయి, లైట్లుంటాయి, భయం ఉండదు. బండి మొరాయిస్తే 1033కి ఫోన్ చేయొచ్చు. ఒక రాత్రికి సరిపోతుంది, రెండో రాత్రికి పనికిరాదు. లారీ ఇంజన్లు ఆఫ్ చేయరు, క్లీనర్ కుర్రాళ్లు మూడింటికే లేచి టైర్లు కొట్టి చూసుకుంటారు. పెద్ద పెట్రోల్ బంకు అయితే ఇంకాస్త మేలు. ట్యాంకు నిండా డీజిల్ కొట్టించి, "రాత్రికి ఓ మూల పెట్టుకుంటాం అన్నా" అంటే ఎక్కువమంది సరేనంటారు. కావలి దాటాక ఒక బంకులో మాత్రం డీజిల్ కొట్టించుకున్నాక, పదకొండింటికి లేపి పంపించేశారు. ముందే అడిగి ఒప్పుకున్నాక జరిగింది ఇది. అప్పట్నుంచి మేనేజర్ నోటితో అనిపించుకున్నాకే నాజిల్ పెట్టనిస్తున్నాం.

ఎవరూ రాయని విషయం ఒకటుంది, మరుగుదొడ్డి. మాది ఇరవై లీటర్ల క్యాసెట్, అంటే దొడ్డి కింద ఉండి, బయటికి లాగి మోసుకెళ్లే డబ్బా. ఇద్దరికి మూడు రోజులు వస్తుంది. దాన్ని బంకు టాయిలెట్‌లోనో, సులభ్ కాంప్లెక్సులోనో పారబోసి, మన నీళ్లతో మనమే శుభ్రంగా కడిగి రావాలి. అక్కడ ఊడ్చే మనిషికి యాభై రూపాయలు చేతిలో పెడితే మళ్లీ వెళ్లినప్పుడు ముఖం చిట్లించుకోదు. కాలువలో, చెరువు గట్టున పోసే వాళ్లని చూశాను. వాళ్ల వల్లే మన బండి కనపడగానే ఊళ్లో జనం అనుమానంగా చూస్తారు. సెప్టిక్ ట్యాంకులో పోసేట్టయితే క్యాసెట్‌లో ఘాటు ఫార్మాల్డిహైడ్ మందులు వాడకండి, ట్యాంకులో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

అడ్రసు లేనివాళ్లకి గ్యాసెట్లా అంటే, ఐదు కిలోల సిలిండరు. ఇండేన్ వాళ్లు ఛోటూ అంటారు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, ఇంటి అడ్రసు రుజువు అక్కర్లేదు. ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకోవచ్చు.

ఇక మాకు బాగా నచ్చిన చోటు. నెల్లూరు నుంచి పొదలకూరు మీదుగా రాపూరు వైపు వెళ్తుంటే నిమ్మతోటలు మొదలవుతాయి. తెలిసినవాళ్ల ద్వారా ఒక తోటలో చోటు దొరికింది. వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు పగటిపూట తొమ్మిది గంటలు ఇస్తారు. తోట ఆయన మొదటి రోజే తేల్చి చెప్పాడు: "మోటరు ఆడేటప్పుడు పట్టుకోండక్కా. కరెంటు పోయినాక నన్నడగబాకండి." దాంతో మా రోజువారీ పనులన్నీ మోటారును బట్టి కుదిరాయి. పైపులో నీళ్లు పడగానే ముందు ట్యాంకు నింపడం, తర్వాత బట్టలు, తర్వాత తల స్నానం. బోరు నీళ్లు పాదుల్లోకి పారే చోట నిలబడి బకెట్టుతో పోసుకుంటే బాత్రూం గుర్తే రాదు. షెడ్డులో ఉన్న మామూలు ప్లగ్గుకి వైరు లాగి, విడిగా చిన్న మీటరు పెట్టుకున్నాం. నెలాఖరుకి యూనిట్ల లెక్కన డబ్బులిస్తే మొదట వద్దన్నాడు. తీసుకుంటేనే ఉంటామన్నాం. అలా లెక్క తేలితేనే రెండో నెల కూడా మొహమాటం లేకుండా ఉండగలం.

నిమ్మచెట్టు నీడ పొట్టిది, బండి మొత్తాన్ని కప్పదు. మేం గట్టు మీది వేపచెట్టు కింద పెట్టాం. నీడలో ఉంటే సోలార్ పని చేయదు, ఎండలో ఉంటే మనం పని చేయలేం. అందుకని బండి మీది పలకలు కాక, విప్పి నేల మీద పరిచే పలక ఒకటి కొన్నాం. కోత రోజుల్లో తెల్లవారుజామునే కూలీలొస్తారు. వాళ్లలో ఒకామె బండి చుట్టూ తిరిగి చూసి "కళ్ల పరీచ్చలు ఎన్నింటికి మొదలుపెడతారు?" అని అడిగింది. ఎన్నికలప్పుడైతే ఏ పార్టీ బండి అని అడిగారు. ఇల్లు అంటే నమ్మరు. తలుపు తీసి పోపులపెట్టె చూపిస్తే నమ్ముతారు.

ఆ దారిలోనే పెంచలకోన. వెలిగొండల పాదాల దగ్గర పెనుశిల లక్ష్మీనరసింహస్వామి గుడి. శనివారాలు, వైశాఖంలో బ్రహ్మోత్సవాల రోజులు తప్పిస్తే విశాలమైన చోటు, చెట్లు, సత్రాలు. సత్రంలో గది తీసుకుంటే స్నానాల గది, నీళ్లు దొరుకుతాయి, మనం మాత్రం బండిలోనే పడుకోవచ్చు. రాత్రి కొండ గాలికి ఫ్యాను కూడా తగ్గించాల్సి వస్తుంది. కోతులతోనే యుద్ధం. పై కిటికీ జానెడు తెరిచి ఉంచినా బ్రెడ్డు ప్యాకెట్టు మాయం.

ఉదయగిరికి వెళ్తే చెక్క గరిటెలు, చెంచాలు కొనండి. బండిలో స్టీలు గరిటెలు కుదుపులకి చేసే చప్పుడుతో విసిగి నేను మొత్తం చెక్కవే పెట్టుకున్నాను. దుర్గం ఎక్కడానికి ఓపిక కావాలి. కృష్ణదేవరాయలంతటివాడు గజపతుల నుంచి దీన్ని 1514లో పట్టుకోవడానికి ఏడాదికి పైగా ముట్టడి వేశాడంటే ఆ కొండ చూస్తే నమ్మబుద్ధవుతుంది. ఊళ్లో ఇరుకు రోడ్లు, బస్టాండు వైపు మన బండి తిప్పకండి.

అక్కణ్ణించి సీతారాంపురం మీదుగా భైరవకోన చేరొచ్చు. ఒకే కొండ రాతిలో తొలిచిన ఎనిమిది గుహాలయాలు, పక్కనే జలపాతం. కొండను తొలిచిన ఆ పనితనం ముందు ఎంతసేపు కూర్చున్నా తనివి తీరదు. ఉండటానికి మాత్రం ఒక్క రాత్రి చాలు. ఫోన్ సిగ్నల్ వచ్చీ రానట్టు ఉంటుంది, కొట్లు పొద్దుగూకగానే మూసేస్తారు, పౌర్ణమికి జనం విరగబడతారు. బండిలో కూర్చుని ఆఫీసు పని చేసుకునే పిల్లలకి ఇది పనికిరాదు.

కనిగిరి, పొదిలి వైపు నీళ్ల విషయంలో జాగ్రత్త. అక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువన్నది అందరికీ తెలిసిన బాధే. కాచితే పోతుందనుకుంటారు కొందరు. కాచితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ట్యాంకులోని బోరు నీళ్లు గిన్నెలకి, స్నానానికి. తాగడానికే కాదు, వంటకి కూడా ప్లాంటు నీళ్ల క్యాన్లే వాడతాం. ఇరవై లీటర్ల క్యాను పది, ఇరవై రూపాయల్లో ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.

పట్టణాల్లో నెల్లూరే మేలు, కానీ బండి ఊరి బయట పెట్టి ఆటోలో తిరగండి. పైన ఏసీతో కలిపి మా బండి పదడుగుల ఎత్తు. మాగుంట లేఅవుట్, విజయమహల్ గేటు, రామలింగాపురం, ఎటు పోయినా రైలు కట్ట కింద అండర్ బ్రిడ్జిలే, వాన పడితే వాటిలో నీళ్లు. ఆటోనగర్‌లో ట్రావెలర్‌కి పని తెలిసిన మెకానిక్కులున్నారు, విడిభాగాలూ త్వరగా దొరుకుతాయి. ఇన్వర్టరు, లిథియం బ్యాటరీ పని వేరు. అది తెలిసినవాళ్లని చెన్నై నుంచి ఫోన్లో పట్టుకోవాల్సి వచ్చింది. భోజనానికి మెస్సులు చాలు. బండిలో చేపల పులుసు వండితే వాసన పరుపులకి పట్టి వారం పోదు, అందుకని కొరమేను పులుసు, కారం దోశ బయటే తింటాం.

ఒంగోలులో మాకంత సుఖం దొరకలేదు. ఒక లాడ్జిలో రూము అద్దె తీసుకుని, ఆవరణలో ప్లగ్గు ఇస్తామన్నారు. ఏసీ వేయగానే ఫ్యూజు పోయింది, ఇంకో లైను ఇమ్మంటే కుదరదన్నారు, డబ్బులు వాపసూ రాలేదు. చీమకుర్తి వైపు రోడ్డు మీద గ్రానైటు దిమ్మల లారీలకి దారిచ్చి నడపాలి. వాటితో పోటీ వద్దు.

కంభం చెరువు కట్ట కింద రెండు మూడు రోజులు హాయిగా గడుస్తాయి. విజయనగర రాజుల కాలం నాటి చెరువు, 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో చేరింది. కూరగాయలు కంభంలోనే, గాలి ధారాళం. మార్కాపురంలో బలపంతో రాసే పలక ఒకటి కొని తలుపు లోపల తగిలించాం. నీళ్లెన్ని, గ్యాసు ఎప్పుడు మార్చాం, క్యాసెట్ ఎప్పుడు ఖాళీ చేశాం, అన్నీ దాని మీదే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వైపు రాకండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు ఎంత తడిసిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. పడమటి వైపు ఉన్నా వాగుల మీది చప్టాలు మునుగుతాయి, కాబట్టి రెండు దారులున్న ఊళ్లోనే ఉండండి. మేం ఆ నెలల్లో మార్కాపురం చుట్టుపక్కల ఉంటాం. అక్కణ్ణించి శ్రీశైలం వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: అడవి జంతువుల కోసం దోర్నాల గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. గేటు ముందు నిలిపి పడుకుందామనుకుంటే నాలుగింటి నుంచే హారన్లు. మార్కాపురంలోనే పడుకుని, ఐదింటికి టీ తాగి బయల్దేరితే సరిపోతుంది.