మొదటి రోజే కొనాలా, నెల ఆగాలా?

రాబోయే ఒక ఆన్‌లైన్ షూటర్ (తుపాకులతో కాల్చుకునే గేమ్) విషయంలో తిరుపతిలో మా రూమంతా రెండు జట్లయింది. ప్రీ ఆర్డర్ చేద్దాం, అంటే విడుదలకు ముందే కొనేద్దాం అనేవాళ్ల మాటలో నిజముంది, ఎవరికీ మ్యాప్ తెలియని మొదటి వారంలో నలుగురం కలిసి తడుముకుంటూ ఆడే ఆనందం మూడు నెలల తర్వాత రమ్మన్నా రాదు. కానీ నాకు కాంకర్డ్ అనే ఆన్‌లైన్ షూటర్ గుర్తొస్తోంది. 2024 ఆగస్టు 23న వచ్చింది, సెప్టెంబర్ 6కల్లా ఆపేశారు. డబ్బులు వెనక్కిచ్చారు సరే, పెట్టుకున్న ఆశ సంగతేంటి? 2013 అక్టోబర్‌లో జీటీఏ ఆన్‌లైన్ అనే గేమ్ మొదలైనప్పుడూ చాలామంది గేమ్ లోపలికే వెళ్లలేకపోయారు, అదైతే తర్వాత నిలబడింది. ఆగితే పింగ్, అంటే మన సిగ్నల్ గేమ్ సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే సమయం, తెలుస్తుంది, సర్వర్ ముంబైలో ఉంటే ఒక లెక్క, యూరప్‌లో ఉంటే ఇక్కడి నుంచి ఆడటం నరకమే. అందుకే నా ఓటు ఆగడానికే. ఓపెన్ బీటా, అంటే విడుదలకు ముందు ఎవరైనా ఆడి చూసే పరీక్ష, పెడితే మాత్రం ఆ రాత్రి నేను నిద్రపోను.