తెలుగుకో కీ, ఇంగ్లీషుకో కీ: ఎనిమిదేళ్ళు వాడాక నా మాట

నేను ఇంట్లోంచే అనువాదాలు చేస్తాను, ఎక్కువగా యాప్‌లవి, మిక్సీలూ వాషింగ్ మెషీన్లతో వచ్చే మాన్యువల్స్‌వి. వీటిల్లో పూర్తిగా తెలుగులో ఉండే వాక్యం వారానికొకటి తగిలితే గొప్ప, మోడల్ పేరు ఇంగ్లీషులో ఉంచమంటారు, బటన్ మీద ఏం రాసుందో అదీ ఇంగ్లీషులోనే ఉండాలంటారు, మధ్యమధ్యలో కోడ్ ముక్కలు, ఇక నాలుగు మాటలు తెలుగులో కొట్టడం, ఒకటి ఇంగ్లీషులో కొట్టడం, మళ్ళీ తెలుగులోకి రావడం, పొద్దున కూర్చున్న దగ్గర్నుంచీ లేచేదాకా ఇదే భాగోతం. భాష మార్చే కీ నాకు వంటింట్లో స్టవ్ లైటర్ లాంటిది, చేతికి తగలకపోతే పనంతా అక్కడే ఆగుతుంది. అందుకే విండోస్‌లో ఉన్న పద్ధతులన్నీ ఒక్కోటి రెండు మూడు నెలలైనా వాడి చూశాను. నేను కొట్టేది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, అంటే తెలుగు అక్షరాలూ గుణింతాలూ నేరుగా కీల మీదే ఉండే పద్ధతి, అది గుర్తుపెట్టుకోండి, కింద ఓ చోట పనికొస్తుంది.

మొదట్లో అందరిలాగే ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కడం. రెండే భాషలుంటే బానే ఉంటుంది. కానీ నా ల్యాప్‌టాప్‌లో మూడున్నాయని నాకు చాలా రోజులు తెలీదు, ఇంగ్లీషు ఇండియా, ఇంగ్లీషు యునైటెడ్ స్టేట్స్, తెలుగు. ఒకసారి నొక్కితే ఇంగ్లీషులోంచి ఇంగ్లీషులోకే వెళ్ళేది, నేనేమో కీ సరిగ్గా పడలేదనుకుని మళ్ళీ మళ్ళీ నొక్కేదాన్ని. మన దగ్గర కొన్న చాలా ల్యాప్‌టాప్‌లలో ఇలా ఇద్దరు ఇంగ్లీషులు కూర్చునుంటారు, ముందు వెళ్ళి ఒకదాన్ని పంపించెయ్యండి. తీసేస్తే అమెరికా దాన్ని తీసెయ్యండి, ఇండియా దాన్ని ఉంచితే కుడి ఆల్ట్ పట్టుకుని 4 నొక్కగానే రూపాయి గుర్తు పడుతుంది. నేను తెలివిగా ముందు ఇండియా దాన్ని తీసేసి, రూపాయి గుర్తు ఎక్కడో కాపీ చేసి తెచ్చుకుంటూ రెండు నెలలు గడిపాను.

తర్వాత ఎస్కేప్ కింద, 1 అంకె పక్కన ఉండే కీ. విండోస్‌లో భాష మార్చడానికి ఇచ్చే ఆప్షన్లలో గ్రేవ్ యాక్సెంట్ అని ఉంటుంది, అది ఇదే. ఒక్క కీ, చిటికెన వేలు అలా పైకి వెళ్తే చాలు, థాయ్ భాష టైప్ చేసేవాళ్ళు ఎక్కువగా దీన్నే వాడతారు. అబ్బ ఇదే కదా కావాల్సింది అని పెట్టేశాను. పావుగంటలో దొరికిపోయాను. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ కీ ఖాళీది కాదు, ఒత్వం అక్కడే ఉంటుంది, షిఫ్ట్‌తో కొడితే ఒ కూడా అక్కడే. మాన్యువల్స్‌లో ప్రతి రెండో లైన్లో వచ్చే మాట ఏంటి చెప్పండి? నొక్కండి. న పడింది, ఒత్వం కోసం కీ కొట్టాను, భాష మారిపోయింది, నా వేళ్ళు వాటి దారిన అవి పోతున్నాయి, తలెత్తి చూస్తే న పక్కన కే, డీ, కే, ఎక్స్, ఒక చదరపు బ్రాకెట్టు, ఎఫ్. కొత్త, మొదలు, కొంచెం, తొమ్మిది, అన్నీ అంతే. లిప్యంతరీకరణలో కొట్టేవాళ్ళకి, అంటే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెచ్చుకునేవాళ్ళకి, ఈ గొడవ లేదు, వాళ్ళు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచీ ఉంది.

కంట్రోల్ షిఫ్ట్ గురించి ఎక్కువ చెప్పను. ఆ రెండూ పట్టుకుని బాణం కీలతో మాటలు సెలెక్ట్ చేసే అలవాటు ఉందా, అయితే వద్దు. పట్టుకున్నాక మనసు మార్చుకుని వదిలేసినా భాష మారిపోతుంది.

విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కడం వీటిల్లో కాస్త మర్యాదైన పద్ధతి, లిస్టు పైకొస్తుంది, ఏ భాషలో ఉన్నామో కంటికి కనిపిస్తుంది. దాదాపు ఏడాదిన్నర దీంతోనే నెట్టుకొచ్చాను. కానీ నా అసలు ఇబ్బంది ఏ కీ అన్నది కాదని అప్పుడే అర్థమైంది. ఇవన్నీ తిప్పుడు కీలు. నొక్కితే ఇప్పుడున్న దాన్నుంచి తర్వాతదానికి పోతాయి, అంటే ఇప్పుడు ఎక్కడున్నానో నాకు తెలిస్తేనే అవి పనికొస్తాయి. టీ తాగొచ్చి కూర్చుంటే ఎక్కడున్నానో ఎవరికి తెలుసు? ప్రతిసారీ కుడి పక్క కింద మూలకి చూడాలి, చూడకుండా కొడితే అయిదు అక్షరాలు వెనక్కి చెరపాలి. దానికితోడు మధ్యలో ఒక హిందీ పని వచ్చి హిందీ కూడా చేర్చాను, ఇక గానుగెద్దులా ఆ మూడిటి చుట్టూ తిరగడమే.

ఒకసారి మా అమ్మాయి పరీక్ష ఫీజు కట్టడానికి నా కంప్యూటర్ దగ్గర కూర్చుంది. కాసేపయ్యాక, "అమ్మా, నీ సిస్టమ్ నన్ను రానివ్వట్లేదు, పాస్‌వర్డ్ తప్పంటోంది" అంది. "క్యాప్స్ లాక్ చూసుకో" అన్నా. "చూశానే, ఆఫ్‌లోనే ఉంది". మూడోసారి కూడా తప్పు కొట్టాక ఆ సైటు అరగంట ఆగి రమ్మంది. పాస్‌వర్డ్ దగ్గరున్న కన్ను గుర్తు నొక్కి చూస్తే చుక్కల చోట మూడు హల్లులూ రెండు గుణింతాలూ. నేను తెలుగులో వదిలేసి లేచాను, చుక్కలకి భాషేముంది, అది మాత్రం ఎలా కనిపెడుతుంది.

ఆ అరగంటలోనే కూర్చుని వెతికితే దొరికింది. ఒక్కో భాషకి విడిగా షార్ట్‌కట్ ఇచ్చే వెసులుబాటు విండోస్‌లో ముందునుంచీ ఉంది, దాచిపెట్టినట్టు లోపల ఉంది అంతే. విండోస్ 11లో అయితే సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, టైపింగ్, అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్, అందులో ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్. నొక్కగానే పాతకాలం నాటి చిన్న డబ్బా ఒకటి తెరుచుకుంటుంది, కంగారు పడకండి, అదే. భాషల పేర్లు వరసగా ఉంటాయి, తెలుగు మీద క్లిక్ చేసి చేంజ్ కీ సీక్వెన్స్ నొక్కి, ఎనేబుల్ టిక్ పెట్టి, కింద ఏ అంకె కావాలో ఎంచుకోవడమే. నేను ఎడమ ఆల్ట్ షిఫ్ట్ 1 ఇంగ్లీషుకి, 2 తెలుగుకి, 3 హిందీకి పెట్టాను. పైన బిట్వీన్ ఇన్‌పుట్ లాంగ్వేజెస్ అని ఉన్నదాన్ని నాట్ అసైన్డ్ చేసెయ్యండి, లేకపోతే పాత తిప్పుడు కూడా వెనకాల నడుస్తూ ఉంటుంది. విండోస్ కీ, స్పేస్ మాత్రం ఆ డబ్బాలోంచి పోదు, ఉంటే ఉండనీ.

అంకెలకి ముందు కంట్రోల్ షిఫ్ట్ పెట్టుకునే ఆప్షన్ కూడా ఉంది, ఎక్సెల్ వాడేవాళ్ళు దాని జోలికి పోకండి. ఎక్సెల్‌లో కంట్రోల్ షిఫ్ట్ 1 అంటే నంబర్ ఫార్మాట్, 2 అంటే టైమ్, 3 అంటే తేదీ. ఇక్కడ కూడా మనం తీసుకున్నది ఎడమ ఆల్ట్ కాబట్టి కుడి ఆల్ట్‌తో వచ్చే రూపాయి గుర్తు భద్రంగా ఉంటుంది.

వాడిన మొదటి వారం చిరాకే, చెప్పొద్దూ. మూడు వేళ్ళు కావాలి, బొటనవేలు ఆల్ట్ మీద, చిటికెన వేలు షిఫ్ట్ మీద, ఉంగరం వేలు అంకె మీద. కానీ పది రోజులకి ఇంకో సంగతి గమనించాను, నేను మూలకి చూడటం మానేశాను. ఎక్కడున్నా సరే 2 కొడితే తెలుగే, అప్పటికే తెలుగులో ఉంటే తెలుగులోనే ఉంటుంది, ఏమీ చెడదు. ఇప్పుడు టీ తాగొచ్చి కూర్చోగానే ఊరికే ఓసారి 2 కొట్టి మొదలుపెడతాను, చెప్పులు విప్పి ఇంట్లోకొచ్చినంత మామూలుగా.

ఆ అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్ పేజీలోనే ఒక్కో యాప్ విండోకి ఒక్కో ఇన్‌పుట్ పద్ధతి ఉంచుకునే టిక్ కూడా ఉంటుంది. బ్రౌజర్ ఇంగ్లీషులో, పని చేసే ఫైలు తెలుగులో విడివిడిగా గుర్తుంటాయి. తిప్పుడు కీలతో దీన్ని వాడితే మతి పోతుంది, ఏ విండో ఎక్కడుందో మనకి గుర్తుండదు, విడి కీలతో మాత్రం భలే కుదిరింది. అమ్మాయికి పాస్‌వర్డ్ గొడవ మళ్ళీ రాలేదు.

గత రెండేళ్ళుగా ఇంకో మెట్టు ఎక్కాను, అది మా తమ్ముడి పుణ్యం. వాడు ఉబుంటు మనిషి, అంటే విండోస్ బదులు లినక్స్ వాడే రకం. అక్కడ మామూలుగా సూపర్ కీ (మన విండోస్ కీయే), స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది, కానీ గ్నోమ్ ట్వీక్స్ అనే సెట్టింగ్స్ ప్రోగ్రాములో కీబోర్డు మార్చే ఆప్షన్ల లిస్టు బారెడుంటుంది, అందులో ఒకటి క్యాప్స్ లాక్ కొడితే మొదటి కీబోర్డు, షిఫ్ట్‌తో క్యాప్స్ లాక్ కొడితే ఇంకోది. అదే నా విండోస్‌లో ఆటోహాట్‌కీతో, అంటే కీలకి మనకి నచ్చిన పని అప్పజెప్పే ప్రోగ్రాముతో, నాలుగైదు లైన్లలో రాసిచ్చాడు. భాషలకి విండోస్‌లో నంబర్లుంటాయట, తెలుగుది 1098, ఇండియా ఇంగ్లీషుది 16393, ఆ స్క్రిప్టు ఎదురుగా ఉన్న విండోకి ఈ నంబరు పంపిస్తుంది. క్యాప్స్ లాక్ ఇంగ్లీషు, షిఫ్ట్ క్యాప్స్ లాక్ తెలుగు. తెలుగులో పెద్దక్షరాలు లేవు, ఇంగ్లీషులో నేను అరవను, ఆ కీ ఎటూ ఖాళీగానే పడుంది. లోటు ఒకటే, అడ్మిన్‌గా తెరిచిన ప్రోగ్రాముల్లో ఆ స్క్రిప్టు పలకదు, దాన్ని కూడా అడ్మిన్‌గా నడిపితే తప్ప. అందుకని ఆల్ట్ షిఫ్ట్ అంకెల్ని తీసెయ్యలేదు.

పోయిన నెల మా అక్క వాళ్ళింట్లో ఏదో అప్లికేషన్ నింపిపెట్టమంటే కూర్చున్నాను, ఇంగ్లీషులోకి వెళ్దామని అలవాటు కొద్దీ క్యాప్స్ లాక్ కొట్టి, తలొంచుకుని అడ్రసంతా కొట్టేసి చూస్తే మొత్తం పెద్దక్షరాలు. "బ్లాక్ లెటర్స్‌లోనే నింపమన్నార్లే, నీకెలా తెలుసే" అంది అక్క.