హ్యామ్‌నెట్: పోయిన పిల్లవాడిని ఎవరెలా తలచుకున్నారు

మ్యాగీ ఓఫారెల్ రాసిన ‘హ్యామ్‌నెట్’ నవల 2020లో వచ్చింది, అదే ఏడాది ఇంగ్లీషులో నవలలు రాసే ఆడవాళ్లకిచ్చే విమెన్స్ ప్రైజ్ కూడా గెలుచుకుంది. షేక్‌స్పియర్ కొడుకు కథ కదా, ఆయన నాటకాలు చదవకపోతే మనకేం అర్థమవుతుంది అనుకునేవాళ్లకి చెప్పేదేంటంటే, నవల మొత్తంలో షేక్‌స్పియర్ అన్న పేరే రాదు. ఆయన ఒకరికి మొగుడు, ముగ్గురికి నాన్న, తన కన్నతండ్రి లెక్కలో మాత్రం ఎందుకూ పనికిరానివాడు. కథంతా భార్య ఆగ్నెస్‌ది.

చరిత్రలో దొరికేది పిసరంతే. కవలల్లో ఒకడైన హ్యామ్‌నెట్ 11 ఏళ్ల వయసులో పోయాడు, 1596 ఆగస్టులో సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్‌లో పూడ్చారు, ఏ జబ్బో ఎక్కడా రాసి లేదు. కొన్నేళ్లకి తండ్రి ‘హామ్లెట్’ నాటకం రాశాడు. రచయిత్రి ఆ జబ్బు ప్లేగు అనుకుని మిగతాదంతా అల్లుకుంది.

మొదట జ్వరం పడేది కవల సోదరి జూడిత్. పిల్లవాడు సాయం కోసం ఇల్లంతా తిరుగుతాడు, తాత ఒక్కడే ఉంటాడు, అదీ తాగి. అమ్మ మైలు దూరంలో తేనెటీగలు చూసుకుంటోంది. పోయేది ఎవరో మనకి ముందే తెలుసు, అయినా ఎవరో ఒకరు త్వరగా రండర్రా అని లోపల ఒకటే టెన్షన్. మధ్యలో ఒక అధ్యాయం మొత్తం ఆ ప్లేగుని మోసుకొచ్చే పురుగు వెంటే వెళ్తుంది: అలెగ్జాండ్రియా రేవులో ఒక కోతి మీంచి ఓడెక్కి, వెనిస్ గాజుపూసల పెట్టెలో దూరి, చివరికి స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆ పెట్టె విప్పిన పిల్ల దాకా. నాకు పుస్తకంలో బాగా నచ్చింది ఇదే.

కానీ అసలు దెబ్బ కొట్టేది వాడు పోయాక. ఆగ్నెస్ కొడుకు ఒంటిని తనే కడిగి, బట్ట చుట్టి సాగనంపే ఘట్టం పేజీలకి పేజీలు సాగుతుంది. గుండెలు బాదుకోవడాలు, పెద్ద మాటలు లేవు, కడగడం, తుడవడం, జుట్టు సర్దడం, అంతే, ఆ పని అయిపోతే వాడిని వదలాలి కాబట్టి ఆవిడ తొందరపడదు. ఆ తర్వాత భర్త లండన్ వెళ్లిపోతే ఆవిడకొచ్చే కోపం చూశాక, ఒకే చావు ఒకే ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కోలా ఎందుకుంటుందో తెలుస్తుంది. జూడిత్ రాత్రిళ్లు తోడబుట్టినవాడి కోసం వీధిలో వెతుకుతుంది. తండ్రి ఏం చేశాడో చివరి పేజీల దాకా తెలియదు, అది చెప్పను.

నచ్చనివీ ఉన్నాయి. ఆగ్నెస్ చెయ్యి పట్టుకుని మనిషి లోపలిది చదివేయడం, అడవి, డేగ, మూలికలు, ఇవి కొంచెం ఎక్కువైపోయాయి. ఒక వస్తువు గురించి చెప్పాలంటే వరసగా మూడు వర్ణనలు, ఒకటి చాలు కదా తల్లీ అనిపిస్తుంది. పెళ్లికి ముందు కథ కూడా నత్తనడకే.

2025లో క్లోయీ జావ్ దీన్ని సినిమాగా తీసింది, స్క్రీన్‌ప్లేలో ఓఫారెల్ చెయ్యి కూడా ఉంది. వీలైతే పుస్తకమే ముందు చదవండి. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే మాత్రం ఆ ఒంటికి బట్ట చుట్టే అధ్యాయం ఇప్పుడే వద్దు, కొన్నాళ్లాగి చదవండి.