ఫిఫా 11 ప్లస్ వార్మప్: మూడేళ్ళు చేశాక నా రివ్యూ

ముందే చెప్తున్నా, నేను పెద్ద ప్లేయర్ని ఏం కాదు. రోజంతా కుర్చీలో కూర్చుని వారానికి రెండుసార్లు ఫుట్‌బాల్ ఆడే 38 ఏళ్ళ మనిషిని. కుడి తొడ వెనక కండరం, అదే హ్యామ్‌స్ట్రింగ్, నాకు రెండుసార్లు పోయింది. మొదటిసారి బంతి వెనక పరిగెడుతుంటే ఎవరో వెనకనుంచి రాయి విసిరినట్టనిపించి తిరిగి చూశా, ఎవరూ లేరు, కాలు మాత్రం కింద పెట్టలేకపోతున్నా. రెండు నెలలు ఆగి నొప్పి పోయింది కదా అని దిగితే ఐదో వారంలో మళ్ళీ అక్కడే పట్టేసింది.

అప్పుడు ఫిజియో చెప్పిన మాట బాగా గుర్తుండిపోయింది. హ్యామ్‌స్ట్రింగ్ పోవడానికి పెద్ద రిస్క్ ఏంటంటే అంతకుముందు ఒకసారి పోయి ఉండటమే అంట. వయసు మార్చలేం, పాత దెబ్బని మార్చలేం, మన చేతిలో ఉన్నవి కండరం బలం, నిద్ర, ఎంత ఆడుతున్నాం అన్నది, అంతే. నేనేమో అప్పటిదాకా వంగి కాలివేళ్ళు పట్టుకుని ముప్పై సెకన్లు లెక్కపెట్టి అదే వార్మప్ అనుకునేవాణ్ణి. ఆస్ట్రేలియా సైన్యంలో 1538 మంది కొత్త రిక్రూట్ల మీద చేసిన స్టడీ ఒకటుంది, 2000లో వచ్చింది, ఎక్సర్‌సైజుకి ముందు అలా స్ట్రెచింగ్ చేసినవాళ్ళకీ చేయనివాళ్ళకీ దెబ్బల్లో చెప్పుకోదగ్గ తేడా ఏం రాలేదు. నా స్ట్రెచింగ్ గొప్పతనం అలా తేలింది.

సరే, 11 ప్లస్ సంగతి. ఫుట్‌బాల్ ఆడేవాళ్ళకి దెబ్బలు తగ్గాలని ఫిఫా తయారుచేయించిన వార్మప్ ఇది. మొత్తం ఇరవై నిమిషాలు, 15 ఎక్సర్‌సైజులు. మొదటి ఎనిమిది నిమిషాలు మెల్లగా పరుగులు, తుంటి తిప్పడాలు, పక్కవాడితో కలిసి గెంతి భుజాలు తాకించుకోవడం లాంటివి. మధ్యలో పది నిమిషాలు ప్లాంకు (మోచేతులు, కాలివేళ్ళ మీద ఒళ్ళు కర్రలా ఆపి ఉంచడం), నార్డిక్, ఒంటికాలి మీద నిలబడటం, స్క్వాట్లు, జంపులు, వీటికి మూడు లెవెల్స్ ఉన్నాయి. చివర్లో రెండు నిమిషాలు స్పీడు పరుగు, పరుగులోనే టక్కున దిశ మార్చడం. వారానికి కనీసం రెండుసార్లు చేయాలి.

అసలు విషయం అంతా ఆ మధ్య పది నిమిషాల్లోనే ఉంది, అందులోనూ నార్డిక్. మోకాళ్ళ మీద నిలబడతాం, వెనక ఒకరు మన చీలమండల్ని నేలకి అదిమి పట్టుకుంటారు, నడుము దగ్గర వంగకుండా ఒళ్ళు కర్రలా పెట్టి వీలైనంత మెల్లగా ముందుకి వాలాలి. మొదటి రోజు నేను కొంచెం వాలానో లేదో దబ్బున చేతుల మీద పడ్డా. చేసింది మూడంటే మూడు, మర్నాడు కుర్చీలో కూర్చోవాలన్నా చేతులు ఆనించుకోవాల్సి వచ్చింది. కాబట్టి దయచేసి మ్యాచ్ ముందురోజు దీన్ని మొదలుపెట్టొద్దు, నేను పెట్టాను. మొదటి లెవెల్‌లో మూడు నుంచి ఐదు చాలు, ఒళ్ళు అలవాటుపడ్డాక పెంచుకోవచ్చు. నాకు రెండు నెలలకి సగం దాకా ఆపుకునే పట్టు వచ్చింది, ఏడాదికి పదిదాకా చేయగలిగా.

ఇంకోటి, జంప్ చేసి దిగేటప్పుడు ఫ్రెండుతో ఫోన్లో వీడియో తీయించుకోండి. నా కుడి మోకాలు దిగిన ప్రతిసారీ లోపలికి వాలిపోతోందని అది చూసేదాకా నాకు తెలీదు, చూడ్డానికి అచ్చం అప్పుడే నిలబడ్డ దూడలా ఉన్నా. మోకాలు పాదం వైపే చూడాలి, దిగినప్పుడు చప్పుడు రాకూడదు, ఈ రెండూ పట్టుకుంటే చాలు.

ఫలితం అంటారా, మూడేళ్ళలో హ్యామ్‌స్ట్రింగ్ మళ్ళీ పోలేదు. నా ఒక్కడి కథతో ఏం రుజువు కాదు, తెలుసు. ఇదే వార్మప్‌ని నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిల టీములతో చేయించి చూసి 2008లో వేసిన పెద్ద ట్రయల్‌లో కూడా మొత్తం కాళ్ళ దెబ్బల్లో తేడా తేల్చి చెప్పేంత రాలేదు, కానీ తీవ్రమైన దెబ్బలు దాదాపు సగానికి తగ్గాయి. నాకు కావాల్సింది అదే, చిన్న నొప్పులు ఎలాగూ ఉంటాయి.

ఇక ఫెయిలైన చోట్లు. రెండో ఏడాది గెంతి దిగుతూ ఎదుటివాడి పాదం మీద కాలేసి చీలమండ బెణికింది, దానికి ఏ వార్మప్పూ ఏం చేయలేదు. దానికంటే సిగ్గుపడాల్సింది పిక్క. జ్వరమొచ్చి మూడు వారాలు ఆడకుండా ఉండి, తిరిగొచ్చిన వారంలోనే ఉత్సాహం ఆపుకోలేక మూడు మ్యాచులు ఆడేశా, మూడో దాంట్లో పిక్క పట్టేసింది. ఆ మూడు రోజులూ వార్మప్ ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు! ఇరవై నిమిషాల వార్మప్ మూడు వారాల ఖాళీని పూడ్చదని అప్పుడు బుర్రకెక్కింది. ఇప్పుడు ఆడిన నిమిషాల్ని ఎంత కష్టమనిపించిందో పదికి ఒక మార్కు వేసి దాంతో గుణించి ఫోన్లో రాసుకుంటున్నా, గ్యాప్ తర్వాత మొదటి వారం సగం ఆటే. ఈ వారం లెక్కని అంతకుముందు వారాల సగటుతో పోల్చి కట్టే రేషియోల మీద సైంటిస్టులే ఒకళ్ళతో ఒకళ్ళు వాదించుకుంటున్నారు కాబట్టి నేను వాటి జోలికి పోను, అంకె ఒక్కసారిగా ఎగిరిందా లేదా అన్నదొక్కటే చూస్తా.

గజ్జల దగ్గర నొప్పికి మాత్రం 11 ప్లస్‌లో సరైనదేం లేదు. దానికి కోపెన్‌హాగెన్ అని వేరే ఎక్సర్‌సైజుంది, పక్కకి పడుకుని పైకాలు పార్ట్‌నర్ పట్టుకుంటే ఆ కాలి బలంతో నడుము లేపడం. నార్వేలో సెమీ ప్రొఫెషనల్ మగ ప్లేయర్లలో దీంతో గజ్జ సమస్యల రిస్క్ 41 శాతం తక్కువ వచ్చింది, 2019లో. నేను ఏడాదిన్నరగా కలిపి చేస్తున్నా, బాగుంది.

అన్నిటికన్నా పెద్ద కంప్లైంట్, బోర్. పచ్చి బోర్. మా 14 మందిలో చేసేది ముగ్గురం, మిగతావాళ్ళు వస్తూనే గోల్‌కి షాట్లు కొట్టుకుంటూ మమ్మల్ని చూసి నవ్వుతారు. మొదటి లెవెల్‌లోనే నెలల తరబడి ఉండిపోతే ఇంకా విసుగు, సులువనిపించగానే పై లెవెల్‌కి వెళ్ళిపోండి. ఆల్రెడీ నొప్పి ఉన్నవాళ్ళు మాత్రం ముందు ఫిజియోకి చూపించుకోండి, ఇది దెబ్బ తగలకముందు చేసేది, తగిలాక వేసే మందు కాదు.

5కి 4 ఇస్తున్నా. ఒకటి కోసింది గజ్జల కోసం. బోర్‌కి కూడా ఇంకో అర కోద్దామనుకున్నా గానీ, మొన్న షాట్లు కొట్టే బ్యాచ్‌లోంచి ఒకడు కుంటుకుంటూ వచ్చి నా చీలమండలు పట్టుకుని కూర్చున్నాడు, తర్వాత నువ్వు నావి పట్టుకో అన్నాడు. ముందు ఫిజియో దగ్గరికెళ్ళి రారా అని పంపించా.