డీడీ ఫ్రీ డిష్: నెల బిల్లు ఉండదు, బాక్సు మాత్రం చూసి కొనాలి

పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దూరదర్శన్ 2022 మార్చి నాటికి దాదాపు అన్నీ ఆపేసింది. నెలనెలా రీఛార్జీ, కేబుల్, ఇంటర్నెట్ ఏదీ వద్దనుకునేవారికి డీడీ నేషనల్ చూడ్డానికి మిగిలిన దారి దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ సేవ ఫ్రీ డిష్. బాక్సు, డిష్, కేబుల్ కలిపి ఒక్కసారి సుమారు 1,500–2,000 రూపాయలు పెడితే చాలు, ఆ తర్వాత నెలవారీ చందా ఏమీ ఉండదు. పెట్టిన డబ్బుకు న్యాయం చేసే సేవే. చిక్కల్లా బాక్సు దగ్గరా, బిగింపు దగ్గరా వస్తుంది.

ముందు బాక్సు సంగతి. ఎంపెగ్-2, ఎంపెగ్-4 అనేవి బొమ్మను కుదించి పంపే పాత, కొత్త పద్ధతులు. చవగ్గా వస్తోందని ఎంపెగ్-2 బాక్సు కొంటే ఎంపెగ్-4లో వచ్చే చానెళ్లు తెర మీదికి రావు. డీడీ నేషనల్ హెచ్‌డీ కూడా అందులోదే. షాపులో అట్ట మీద ఎంపెగ్-4, డీవీబీ-ఎస్2 (ఉపగ్రహ సిగ్నల్ పద్ధతి) రెండూ రాసి ఉన్నాయో లేదో చూడండి. టీవీలోనే శాటిలైట్ ట్యూనర్ ఉంటే డీడీ సొంత చానెళ్లకు అసలు బాక్సే అక్కర్లేదు.

ఉపగ్రహం నుంచి నేరుగా ప్రసారం అనేది దూరదర్శన్‌కు కొత్త కాదు. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైన కేంద్రం 1965లో గాని రోజువారీ ప్రసారాలకు రాలేదు. ఆకాశవాణి నుంచి ఇంకా విడిపోకముందే, 1975లో, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు నేరుగా కార్యక్రమాలు పంపారు. అప్పటి డిష్ పదడుగుల కోళ్ల జాలీ! విడిపోవడం 1976 ఏప్రిల్ 1న. రంగులు, దేశమంతటికీ ఒకే జాతీయ కార్యక్రమం 1982 ఆగస్టు 15న. ఇప్పటి సేవ 2004 డిసెంబరు 16న డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో 33 చానెళ్లతో వచ్చింది. జాలీ పోయి రెండడుగుల రేకు మిగిలింది.

ఆ రేకు బిగించడంలోనే ఎక్కువమంది తడబడతారు. ఉపగ్రహం జీశాట్-15, తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల మీద ఉంటుంది. హైదరాబాద్ నుంచైతే ఉత్తరం మొదలు సవ్యదిశలో 138 డిగ్రీలు, అంటే ఇంచుమించు ఆగ్నేయం. ఎత్తు 63 డిగ్రీలు. విశాఖలో 149, 66. ఎత్తు 63 కదా అని రేకును ఆకాశానికేసి వెల్లకిలా తిప్పకండి. ఇది ఆఫ్‌సెట్ డిష్, ఉపగ్రహం ఉన్న ఎత్తు కంటే దాదాపు పాతిక డిగ్రీలు కిందికి చూస్తున్నట్టే కనిపిస్తుంది. డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీని కూడా హైదరాబాద్‌లో ఇంచుమించు 40 డిగ్రీలు మెలితిప్పాలి, నిటారుగా వదిలేస్తే బాక్సు తెర మీద చూపించే సిగ్నల్ క్వాలిటీ సగంలో ఆగిపోతుంది. బాక్సులో ఫ్రీక్వెన్సీ 11090, పోలరైజేషన్ వర్టికల్, సింబల్ రేటు 29500 పెట్టి, ఎల్‌ఎన్‌బీ యూనివర్సల్ ఎంచుకుని వెతకండి.

క్వాలిటీ పక్కనే కనిపించే స్ట్రెంగ్త్ గీతను నమ్మొద్దు. డిష్ గోడకు ఎదురుగా ఉన్నా అది ఎక్కువే చూపిస్తుంది, ఎల్‌ఎన్‌బీలో పుట్టే నాయిసే అది, సిగ్నల్ కాదు. క్వాలిటీ పెరగాలి. డిష్‌ను వెంట్రుకవాసి జరిపి రెండు మూడు సెకన్లు ఆగి చూడండి, బాక్సుకు ఆ మాత్రం వ్యవధి పడుతుంది. క్వాలిటీ వచ్చినా మన చానెళ్లు రాకపోతే పక్కనే 95 డిగ్రీల్లో ఉన్న ఉపగ్రహాన్ని పట్టుకున్నారేమో చూసుకోండి.

జోరు వానలో బొమ్మ పోవడం ఈ ప్రసారాలు వాడే కూ బ్యాండ్ తరంగాల స్వభావం, తగ్గాక తిరిగొస్తుంది. వాన తగ్గి గంటైనా రాకపోతే ఎల్‌ఎన్‌బీకి కేబుల్ బిగించే ఎఫ్ కనెక్టర్‌లో నీళ్లు దిగి ఉండొచ్చు. కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పి బిగించి, కనెక్టర్‌కు టేపు చుడితే ఆ బాధ ఉండదు.

చానెళ్ల విషయానికొస్తే, హిందీవాళ్లకు పండగ. మనకు యాదగిరి, సప్తగిరి ఉన్నాయి గానీ ప్రైవేటు తెలుగు వినోదం కోసమే అయితే నిరాశ తప్పదు. ప్రైవేటు చానెళ్లు ఇక్కడ ఏటా వేలంలో చోటు కొనుక్కుంటాయి. అందుకే ఏప్రిల్ వచ్చిందంటే కొన్ని మాయమవుతాయి. 2022లో స్టార్ ఉత్సవ్, జీ అన్మోల్, సోనీ పల్, కలర్స్ రిష్తే ఒకేసారి వెళ్లిపోయాయి. ఏప్రిల్ మొదటి వారంలో ఒకసారి రీస్కాన్ చేస్తే కొత్తవి వాటంతటవే చేరతాయి.

క్రికెట్ చూసేవాళ్లకు ఇంకో లాభం. 2007 నాటి క్రీడా ప్రసారాల చట్టం ప్రకారం ముఖ్యమైన మ్యాచ్‌ల ప్రసారాన్ని హక్కులు కొన్నవాళ్లు దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతికి ఇవ్వాలి. ఆ ప్రసారం దూరదర్శన్ సొంత వేదికల్లోనే రావాలని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే అదే డీడీ చానెల్‌ను ప్రైవేటు డీటీహెచ్‌లో పెడితే మ్యాచ్ రాదు, ఫ్రీ డిష్‌లో వస్తుంది.