అన్నవాహికలో బ్యాండింగ్: సూర్యారావుపేటలో మా నాన్నగారికి జరిగిన చికిత్స

మా నాన్నగారికి కాలేయం గట్టిపడిందని, అంటే సిర్రోసిస్ అని తేలి మూడేళ్లయింది. గత వేసవిలో ఒక రాత్రి భోజనమైన కాసేపటికే రక్తపు వాంతి కావడంతో, తెనాలి నుంచి అంబులెన్సులో విజయవాడ సూర్యారావుపేటలోని ఒక గ్యాస్ట్రో ఆసుపత్రికి తీసుకువచ్చాము. రాగానే రక్తస్రావం తగ్గించే టెర్లిప్రెసిన్, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టి, బీపీ నిలకడకు వచ్చాక తెల్లవారేలోపే ఎండోస్కోపీ చేసి బ్యాండ్లు వేశారు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవారి చురుకుదనమే ఆయన ప్రాణం నిలిపింది.

గట్టిపడిన కాలేయం గుండా రక్తం సాఫీగా సాగక, పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగితే, ఆ రక్తం అన్నవాహిక అడుగుభాగంలోని సన్నని సిరలలోకి మళ్లి, వాటిని ఉబ్బించి, చివరకు పగలగొడుతుంది. ఎండోస్కోప్ గొట్టం కొసన ఉండే చిన్న టోపీలాంటి అమరికలోకి ఆ సిరను పీల్చి, దాని మొదట్లో ఒక రబ్బరు రింగు, అంటే బ్యాండు, జారవిడుస్తారు. రిపోర్టులోని మొదటి ఫొటోలో సిర నీలిరంగు తాడులా పైకి పాకి ఉంది. పక్క ఫొటోలో అదే సిర నల్లని రింగు బిగుసుకొని నేరేడుపండులా నిలిచి ఉంది. డాక్టరుగారు పెన్ను మొనతో చూపిస్తూ చెప్పడం వల్ల మా అమ్మకు కూడా విషయం బోధపడింది.

చికిత్స మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, చెప్పవలసినవి చెప్పకపోవడం మీదనే ఉంది. రింగు బిగిసిన భాగం కొద్ది రోజుల్లో రాలిపోయి అక్కడ పుండు మిగులుతుందని, ఆ పుండు నుంచి మళ్లీ రక్తం కారే ప్రమాదం ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. డిశ్చార్జి కాగితం మీద ఇంగ్లీషులో ‘సాఫ్ట్ డైట్’ అన్న ఒక్క ముక్క ఉంది. నాలుగో రోజు నాన్నగారు పప్పన్నంలో వడియాలు నంజుకోబోతుంటే అనుమానం వచ్చి ఫోన్ చేశాను. “వద్దండీ, ఇంకో వారం జావ, మెత్తటి మజ్జిగన్నమే పెట్టండి” అని నర్సుగారు చెప్పారు. ఒక్కసారితో అయిపోదని, సిరలు పూర్తిగా అణిగేవరకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రావాలని కూడా ఆ ఫోన్లోనే తెలిసింది.

మరొక మాట. నాన్నగారు మద్యం ముట్టని మనిషి, ఆయన జబ్బు హెపటైటిస్ బి వల్ల వచ్చినది. అయినా వార్డులో వచ్చినవారల్లా తాగుడు గురించే అడగడం ఆయనను బాగా నొప్పించింది.

తరువాతి రెండు విడతలు తేలికగా గడిచాయి. పరగడుపున వెళ్లి, గొంతులో స్ప్రే, కొద్దిపాటి మత్తు తీసుకొని సాయంత్రానికి ఇల్లు చేరాము. రెండు రోజులు మాత్రం ఛాతీలో నొప్పి, మింగడానికి ఇబ్బంది ఉన్నాయి. బ్యాండ్ల సెట్టు ఖర్చు ఎండోస్కోపీకి వేరుగా బిల్లులో పడుతుంది కనుక ముందే అడగడం మంచిది. నాలుగోసారి చూసినప్పుడు బ్యాండు వేయవలసిన సిర కనిపించలేదు. కాలేయం మాత్రం అలాగే ఉంది కనుక పోర్టల్ సిరలో ఒత్తిడి తగ్గించే కార్వెడిలాల్ మాత్ర రోజూ వేసుకుంటున్నారు, మూడు నెలలకు మళ్లీ పరీక్ష ఉంది. అక్కడికే వెళతాము, ఎన్నాళ్లు ఏమి తినాలో, లోపల రక్తం కారుతోందనడానికి గుర్తైన తారులాంటి నల్లని విరేచనం కనిపిస్తే అర్ధరాత్రైనా రావాలని తెలుగులో అచ్చువేసిన కాగితం రోగులకు ఇవ్వమని డాక్టరుగారిని ఆ రోజు అడుగుతాను.