బాస్‌కు ఏ ఎర మేలు: వెతికేదా, ఊరించేదా?

డాలస్ చుట్టుపక్కల కాలనీ చెరువు గట్టునో, లూయిస్‌విల్ లేక్ ఒడ్డునో లార్జ్‌మౌత్ బాస్ అనే చేపకు గాలం వేసేవాళ్లు మొదట చేసే పొరపాటు రంగులు చూసి ఎరలు కొనడం. దుకాణం గోడ నిండా వేలాడే ఆ సరుకును పనిని బట్టి చూస్తే రెండే జాతులు. ఒకటి వెతికే ఎర: విసిరి, లాగి, మళ్లీ విసిరి, తక్కువ సేపట్లో ఎక్కువ నీటిని జల్లెడ పట్టేది. స్పిన్నర్‌బెయిట్ (తిరిగే రేకులున్న తీగ ఎర), క్రాంక్‌బెయిట్ (చిన్న చేప ఆకారపు గట్టి ఎర) ఈ జాతివి. రెండోది ఊరించే ఎర: చేప ఉంటుందనుకున్న చోట దించి, అది నోరు తెరిచేదాకా అక్కడే ఉంచేది. ప్లాస్టిక్ వార్మ్, అంటే రబ్బరులా సాగే వానపాము, ఈ జాతిది.

గట్టు మీద నిలబడేవాళ్లకు ఊరించే ఎరే మేలు. పడవ ఉన్నవాళ్లు పూటకు మైళ్ల కొద్దీ ఒడ్డు తిరగగలరు, వాళ్లకు వెతికే ఎర గిట్టుబాటు. గట్టు మీద అందేది మహా అయితే వంద గజాల నీరు. స్పిన్నర్‌బెయిట్ దాన్ని అరగంటలో చూసేస్తుంది. ఆ తర్వాత అవే చేపలకు అదే రేకు మళ్లీ మళ్లీ చూపించడమే. చేతికి పని ఉంటుంది కనుక మానబుద్ధి కాదు, అదే చిక్కు.

చేప స్వభావం కూడా ఇటే మొగ్గుతుంది. బాస్ మన కొర్రమీనులాగే పొంచి ఉండి పట్టే చేప. తుంగ అంచున, మునిగిన కొమ్మ పక్కన, బల్లకట్టు నీడలో ఆగి ఉంటుంది. దగ్గరకొచ్చినదాన్ని నీటితో సహా పీల్చేస్తుంది, గట్టిగా తగిలితే అంతే వేగంగా ఉమ్మేస్తుంది. మెత్తగా, ఉప్పు కలిపి చేసిన వార్మ్‌ను కాస్త ఎక్కువసేపు నోట్లో ఉంచుకుంటుంది. ఆ ఒకటి రెండు క్షణాలే మనకు కావలసింది.

ఊరించే ఎరల్లో: వాకీ రిగ్గా, టెక్సస్ రిగ్గా?

రిగ్ అంటే వార్మ్‌ను హుక్‌కు తగిలించే పద్ధతి. అడుగు శుభ్రంగా ఉండి, నీరు తేటగా, అయిదారు అడుగుల లోతు ఉంటే వాకీ రిగ్. 5 అంగుళాల సెంకో లాంటి పుల్ల ఆకారపు వార్మ్ నడుముకు చిన్న రబ్బరు ఓ-రింగ్ తొడిగి, 1/0 సైజు హుక్‌ను ఆ రింగ్ కిందుగా దూర్చాలి. బరువుకు సీసం అక్కర్లేదు. విసిరాక లైన్ వదులుగా ఉంచితే వార్మ్ రెండు కొసలూ వణుకుతూ దిగుతుంది, చేప చాలాసార్లు అలా దిగుతుండగానే పట్టుకుంటుంది. లైన్ బిగించి ఉంచితే వార్మ్ నిటారుగా దిగకుండా ఊయలలా గట్టు వైపు వచ్చేస్తుంది, వణుకు పోతుంది. కొత్తవాళ్లకు వాకీ పనిచేయకపోవడానికి మొదటి కారణం ఇదే. రింగ్ లేకుండా వార్మ్‌నే గుచ్చితే రెండు మూడు విసుర్లకు చిరిగి నీటిపాలవుతుంది.

వాకీకి లోపం రెండు చోట్ల. గాలి వీస్తే లైన్ విల్లులా వంగి, చేప ముట్టిందో లేదో తెలియదు. నాచు ఉంటే బయట ఉన్న హుక్ మొన ప్రతిసారీ గడ్డి ఏరుకొస్తుంది. అక్కడ టెక్సస్ రిగ్‌కు సాటి లేదు, ఎందుకంటే అందులో మొన వార్మ్ ఒంట్లోనే దాగి ఉంటుంది.

కట్టే పద్ధతి ఇది. తుపాకి గుండు ఆకారపు సీసాన్ని సన్నని కొస రాడ్ వైపు ఉండేలా లైన్‌కు ఎక్కించి, 3/0 సైజు ఆఫ్‌సెట్ హుక్ (కన్ను దగ్గర మెట్టులా వంగినది) కట్టాలి. 6 లేదా 7 అంగుళాల వార్మ్ తలలోకి మొనను పావు అంగుళం నేరుగా గుచ్చి పక్క నుంచి బయటికి తీయాలి. హుక్ కన్ను తలలో దాగేదాకా లాగి, హుక్‌ను సగం తిప్పాలి. ఇప్పుడు హుక్‌ను వార్మ్ పక్కన వేలాడదీసి, వంపు ఎక్కడికి వస్తుందో చూసి సరిగ్గా అక్కడే మొనను అవతలికి గుచ్చి, పై పొరలో కొద్దిగా దాచాలి. ఆ చోటు కాస్త తప్పినా వార్మ్ ముడుచుకుంటుంది. ముడుచుకున్న వార్మ్ లాగినప్పుడు గిర్రున తిరిగి లైన్‌ను మెలిపెడుతుంది, అలాంటిదాన్ని బాస్ ముట్టదు. ఇక్కడ ఒక నిమిషం ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

సీసం ఎంత? పల్చటి గడ్డికి 3/16 ఔన్సు (5 గ్రాములు), గాలి ఉంటే 1/4 (7 గ్రాములు), దట్టమైన నాచుకు 3/8 (10.5 గ్రాములు) లేదా అంతకంటే ఎక్కువ. అడుగు తగిలినట్టు చేతికి తెలియాలి, అంతకు మించి ఒక్క గ్రాము వద్దు. దట్టమైన గడ్డిలో సీసం వెనక్కి జారకుండా లైన్‌కు రబ్బరు స్టాపర్ పెట్టాలి. తెరిపి నీటిలో అది తీసేస్తే సీసం ముందు దిగి, వార్మ్ వెనక తేలుతూ దిగుతుంది, అది ఇంకా సహజం.

అడుగు తాకాక రాడ్‌ను గడియారంలో తొమ్మిది దగ్గర్నుంచి పదకొండు దాకా మెల్లగా ఎత్తి, మళ్లీ దించుతూ వదులు చుట్టుకోవాలి. వార్మ్‌ను నడిపేది రాడ్, రీల్ కాదు. చేప పట్టినప్పుడు వచ్చేది పెద్ద గుంజుడు కాదు: టక్‌మని ఒక చిన్న తట్టు, లేదా లైన్ పక్కకు నడవడం. వెంటనే వదులంతా చుట్టేసి రాడ్‌ను గట్టిగా పైకి లాగాలి. వదులు ఉండగానే లాగితే మొన వార్మ్‌ను చీల్చుకుని దవడలో దిగదు, చేప నీటి మీదికొచ్చి తల విదిలించి పోతుంది.

రంగు గురించి ఒక్క మాట చాలు. తేట నీటికి గ్రీన్ పంప్‌కిన్ (గోధుమ ఛాయ పచ్చ), బురద నీటికి నలుపు–నీలం. మిగతా రంగులు ఎక్కువగా కొనేవాళ్లను పట్టడానికే.

మరి వెతికే ఎర ఎప్పుడు?

దక్షిణపు గాలి ఒడ్డును కొడుతున్నప్పుడు, వాన పడి నీరు కలక బారినప్పుడు స్పిన్నర్‌బెయిట్ వార్మ్‌ను ఓడిస్తుంది. అలలు పైవెలుతురును చెదరగొడతాయి, చిన్న చేపలు గాలి తోసిన ఒడ్డుకు చేరతాయి, బాస్ కంటితో కంటే ఒంటి పక్కనున్న గీత ద్వారా కదలికను పసిగట్టి కొడుతుంది. బురదకూ చలికీ గుండ్రటి కొలరాడో రేకు ఒకటి ఉన్నది తీసుకుని నెమ్మదిగా చుట్టాలి. దాని అదురు రాడ్ పిడి దాకా తెలుస్తుంది. తేట నీటికి ఆకులాంటి విల్లో రేకులు రెండు ఉన్నది, కాస్త వేగంగా. 3/8 ఔన్సుది చాలా చోట్లకు సరిపోతుంది. తీగ చేయి హుక్‌కు అడ్డం ఉంటుంది కనుక కొమ్మలకు తగిలినా ఇరుక్కోవడం తక్కువ. తగిలి పక్కకు ఎగిరిన క్షణంలోనే చేప కొట్టడం ఎక్కువ కూడా, కాబట్టి మోడులను తప్పించి విసరకూడదు, వాటికి తగిలేలా విసరాలి. చేప వచ్చి ఎర తోకను మాత్రమే కొట్టి పోతుంటే వెనక ఇంకో హుక్ తగిలించాలి. గాలి లేని తేట మధ్యాహ్నం మాత్రం ఇది సంచిలో ఉండడమే మంచిది.

లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్‌ది (మూతి దగ్గర పలక లేనిది) ఇంకా చిన్న కాలం. ఫిబ్రవరి, మార్చిలో, గుడ్లకు ఒడ్డుకు రాబోయే చేపలు నాలుగైదు అడుగుల నీటిలో గడ్డి పైన తిరిగేటప్పుడు ఎర్రటి అర ఔన్సుది లాగుతూ, గడ్డికి తట్టుకోగానే రాడ్‌తో ఒక్క కుదుపు కుదిపి విడిపించాలి. ఆ కుదుపుకే కొడుతుంది. రాళ్ల గట్టు దగ్గర దీని జోలికి పోవద్దు, మూడేసి కొక్కేలున్న దాని రెండు హుక్‌లు రాయిలో ఇరుక్కుంటే ఎర అక్కడే ఉండిపోతుంది. చేప పడ్డాక రాడ్ కిందికే ఉంచాలి. గాలిలోకి ఎగిరిందంటే ఎర బరువునే ఆసరా చేసుకుని హుక్ ఊడదీసుకుంటుంది.

ఎండాకాలపు కప్ప

జూన్ వచ్చి నీటి మీద నాచు చాపలా పరుచుకున్నాక పై రెండూ పనికిరావు. అప్పుడు బోలు రబ్బరు కప్ప. ఊళ్లో కొర్రమీనుకు కప్పపిల్లను గుచ్చి తామరాకుల మధ్య ఆడించడం చూసినవాళ్లకు దీని నడక చెప్పనక్కర్లేదు: రెండు చిన్న గెంతులు, ఒక ఆగుడు, ఆకుల మధ్య సందు రాగానే ఇంకాస్త ఎక్కువసేపు ఆగుడు. నీరు బద్దలైనట్టు చప్పుడు కాగానే లాగడమే ఇక్కడి ప్రధాన తప్పు. చాలాసార్లు బాస్ ఇంకా నోరు మూసి ఉండదు. రాడ్ కొనకు బరువు తెలిశాకే లాగాలి. కొత్త కప్ప రెండు హుక్ మొనలను ప్లయర్స్‌తో వెంట్రుకవాసి పైకి వంచితే తప్పిపోయేవి తగ్గుతాయి, మరీ వంచితే గడ్డి పట్టుకుంటుంది. లోపల నీరు చేరి మునుగుతుంటే పిండేయాలి.

కప్పకు కావలసిన సామాను వేరు: 7 అడుగుల హెవీ రాడ్, 50 పౌండ్ల బలమున్న బ్రెయిడ్ (అల్లిన) లైన్. పల్చటి రాడ్‌తో వేస్తే చేప గడ్డిలోకి దూరి తల చుట్టూ చాప చుట్టుకుంటుంది, లాగడం మీ వల్ల కాదు. అందుకే మొదటి రాడ్ కొనేవాళ్లకు కప్ప సలహా ఇవ్వకూడదు. వాళ్లకు 7 అడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, 10 పౌండ్ల బ్రెయిడ్, కొసన నాలుగైదు అడుగుల 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (నీటిలో అంతగా కనబడని లైన్). వాకీ, తేలికపాటి టెక్సస్ రిగ్, 1/4 ఔన్సు స్పిన్నర్‌బెయిట్ దాంతో నడిచిపోతాయి. హుక్‌కు పాలొమార్ ముడి, బిగించే ముందు ఉమ్మితో తడి చేయాలి, లేకపోతే రాపిడి వేడికి ఫ్లోరోకార్బన్ అక్కడే బలహీనపడుతుంది. చేప పడిన ప్రతిసారీ చివరి అడుగు లైన్‌ను వేళ్ల మధ్య జార్చి చూసి, గరుకుగా తగిలితే కోసి మళ్లీ కట్టాలి.

టెక్సస్‌లో 17 ఏళ్లు నిండినవాళ్లకు లైసెన్స్ కావాలి, స్టేట్ పార్క్ ఒడ్డు నుంచి వేస్తే అక్కర్లేదు. పులుసుకు ఉంచుకోవాలంటే లార్జ్‌మౌత్ సాధారణంగా 14 అంగుళాలు ఉండాలి, రోజుకు 5 మించకూడదు. (పులుసుకు క్యాట్‌ఫిష్ దీనికంటే నయం, అది వేరే సంగతి.) కొన్ని చెరువులకు సొంత లెక్కలున్నాయి. 1992లో 18.18 పౌండ్ల రాష్ట్ర రికార్డు బాస్ దొరికిన లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్యవి వదిలేయాల్సిందే. కాబట్టి వెళ్లే చెరువు నిబంధన ముందే చూసుకుని, టేపు వెంట ఉంచుకోవాలి. కొలిచేటప్పుడు చేప నోరు మూసి, తోక రెండు కొసలనూ దగ్గరకు నొక్కి పట్టాలి.